ముత్తయ్య చెయ్యి, కన్నమ్మ బోరింగు

ఈ మధ్య ఇద్దరు కుర్ర పాస్టర్లు ఖమ్మంలో మా ఇంటికి వచ్చారు. ఇద్దరికీ కొత్తగా సంఘాలు ఇచ్చారట. ఒకరికి కొత్తగూడెం అవతల, ఇంకొకరికి భద్రాచలం అడవి వైపు. టీ తాగాక వాళ్ళలో పెద్దవాడు ఫోను బల్ల మీద పెట్టి, రికార్డింగు నొక్కి, "అయ్యగారూ, సంఘంలో ఉజ్జీవం రావాలంటే ఏం చేయాలి?" అని అడిగాడు. "ముందు చర్చిలో ఆ రెండో సౌండు బాక్సు తీసేయండి" అన్నాను. ఇద్దరూ పకపకా నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

వాళ్ళు వెళ్ళాక మా ఆవిడ సలోమి కప్పులు తీస్తూ, "పిల్లలు అంత దూరం నుంచి వస్తే బాక్సుల సంగతి చెప్పి పంపిస్తారా? అసలు సంగతి చెప్పొచ్చుగా" అంది. అసలు సంగతి చెబితే నా పరువు పోతుంది. అందుకే సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నోరు మెదపలేదు. ఇప్పుడు రిటైరై కూర్చున్నాను, పరువుతో పెద్దగా పనిలేదు. కాబట్టి రాస్తున్నాను.

ఎన్ని బాప్తిస్మాలు ఇచ్చానో, ఏ కమిటీలో ఏ కుర్చీలో కూర్చున్నానో ఇక్కడ రాయను. వాటికి రిజిస్టర్లున్నాయి, చెదలు తినగా మిగిలినవి చూసుకోవచ్చు. ఒక్క గూడెం గురించి, అక్కడ నేను చేసిన రెండు తప్పుల గురించి చెబుతాను. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

మొద్దునిద్ర

మాది మధిర దగ్గర పల్లె. వరి, మిరప చూసి పెరిగినవాణ్ణి. అడవి అంటే బస్సు కిటికీలోంచి చూడటమే. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి పర్ణశాల దారిలో ఒక కోయగూడెం సంఘానికి వేశారు. ఆటో దిగి మట్టిరోడ్డు మీద అరగంట నడవాలి. నలభై ఇళ్ళు, రేకుల చర్చి, దానికి ఎదురుగా ఇరవై అడుగుల దూరంలో చేతి బోరింగు. ఆ బోరింగును గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

వెళ్ళిన మొదటి ఏడాది శ్రమకాలంలో, అంటే గుడ్ ఫ్రైడేకి ముందు నలభై రోజులూ, తెల్లవారుజామున ఐదింటికి ప్రార్థన పెట్టాను. ఉజ్జీవం, అంటే చల్లబడిన భక్తి మళ్ళీ రగలడం, వచ్చిన ప్రతిచోటా తెల్లవారుజాము ప్రార్థనతోనే మొదలైందని మాకు బైబిలు కాలేజీలో నూరిపోశారు. మొదటిరోజు నేనూ సలోమీ వచ్చాం. రెండోరోజు నేనూ సలోమీ, ఒక కుక్కా. వారం తిరిగేసరికి కుక్క కూడా మానేసింది. నాకు ఒళ్ళు మండింది. ఆ ఆదివారం మొద్దునిద్ర అనే పాపం మీద గంటసేపు దంచాను. సంఘమంతా తలలు వంచుకుని విన్నారు. ఆహా, పశ్చాత్తాపపడుతున్నారు అనుకున్నాను. నిజానికి కూర్చున్నచోటే కునుకు తీస్తున్నారు.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద ముత్తయ్యను పట్టుకున్నాను. "ఏమయ్యా, ఐదింటికి లేవడానికి మీకు అంత కష్టమా?"

"ఐదింటికి లేసుడేంది అయ్యా, మూడున్నరకే లేస్తున్నం. ఇప్పపువ్వు రాల్తున్నది గద. ఆడోళ్లు, మొగోళ్లు అందరం చెట్ల కిందనే ఉంటున్నం."

"మరి ఆ సంగతి నాకు చెప్పాలి కదా!"

"నువ్వు అడగలే. మొద్దునిద్ర అని నువ్వే అంటివి. అయ్యగారు అన్నంక ఎదురు మాట్లాడుడు ఎందుకని ఊకున్నం."

గూడెంలో అందరూ నన్ను నువ్వనే అంటారు. అందులో అమర్యాద ఏమీ లేదు, దేవుణ్ణి కూడా నువ్వనే అంటారు.

ఇప్పపువ్వు సంగతి ముత్తయ్యే నాకు విడమరిచి చెప్పాడు. ఆ పూలు ఎండబెట్టి అమ్ముకుంటేనే వాళ్ళకు ఎండాకాలం గడుస్తుంది. అడవిలో చెట్లకు కంచె ఉండదు, గుర్తు ఉండదు. అయినా ఏ చెట్టు ఏ ఇంటిదో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పువ్వు కొమ్మ మీద ఉన్నా ఆ ఇంటిదే, నేల మీద పడ్డా ఆ ఇంటిదే. వేరేవాళ్ళ చెట్టు కింద ఏరడమంటే వాళ్ళ వంటింట్లో దూరి కుండ ఎత్తుకొచ్చినట్టే లెక్క. ఇది విని, ప్రార్థన వేళ పొద్దున పది గంటలకు మార్చాను. ఇది నా చిన్న తప్పు. దీనికి ఎవరూ బాధపడలేదు, నేను తప్ప.

ముత్తయ్య చెయ్యి

ఏడాదికోసారి మూడు రోజులు ఉజ్జీవ కూటాలు పెట్టేవాళ్ళం. ఖమ్మం నుంచో కొత్తగూడెం నుంచో ఒక ప్రసంగీకుడు వచ్చేవాడు. చివరిరోజు కళ్ళు మూసుకోమని, "ఈ దినం ఎవరు తమ జీవితాన్ని ప్రభువుకు ఇస్తున్నారో చెయ్యెత్తండి" అని పిలిచేవాడు. కాసేపు నిశ్శబ్దం. అప్పుడు ఒక చెయ్యి లేచేది. ప్రసంగీకుడు "దేవునికి స్తోత్రం!" అని గట్టిగా అరిచేవాడు. నేను రిపోర్టులో "రక్షించబడినవారు: ఒకరు" అని రాసేవాణ్ణి.

ప్రతి ఏడూ ఆ ఒక్క చెయ్యి ముత్తయ్యదే. కళ్ళు మూసుకోమన్నారు కాబట్టి నేను బుద్ధిగా మూసుకునేవాణ్ణి. అందుకని నాలుగేళ్ళదాకా నాకు తెలియలేదు. అయిదో ఏడు కళ్ళు కొద్దిగా తెరిచి చూస్తే, మా సంఘపెద్ద, అప్పటికే పాతికేళ్ళ క్రితం బాప్తిస్మం తీసుకున్నవాడు, చెయ్యి నిటారుగా పైకెత్తి కూర్చున్నాడు.

"ముత్తయ్యా, నువ్వు ఎన్నిసార్లు రక్షణ పొందుతావయ్యా?" అన్నాను బయటికి వచ్చాక.

"నాకేం అవసరం అయ్యా, నాది ఎప్పుడో అయిపాయె" అన్నాడు. "ఆయన గంత దూరం నుంచి బస్సుల నిలబడి వచ్చిండు. మూడు దినాలు గొంతు పోయేటట్టు అరిసిండు. ఒక్కలు గూడ చెయ్యెత్తకపోతే ఆయన మనసు ఏం గావాలె? సలోమమ్మ కోడి గూడ కోసె."

మా పైన ఉండే సూపరింటెండెంటు గారిని అందరం పెద్దయ్యగారు అంటాం. ఆయన ఒకసారి నా రిపోర్టులన్నీ వరసగా పెట్టుకుని చూశారు. "ఏమయ్యా, ఏడాదికొక ఆత్మ చొప్పున మీ సంఘంలో చేరుతూనే ఉన్నారు. మరి మొత్తం సంఖ్య పెరగదేం? ఎక్కడికి పోతున్నారు వీళ్ళు?" అని అడిగారు. ఎక్కడికీ పోలేదు, ముందు చాప మీదే కూర్చుని ఉన్నాడు అని చెప్పలేక నీళ్ళు నమిలాను.

తమ్ముళ్ళూ, లేచిన చేతులను చూసి పొంగిపోకండి. కొన్ని చేతులు జాలితో లేస్తాయి.

పేరు చెప్పలేదు కదా

ఇక పెద్ద తప్పు.

ఆ గూడెంలో మొట్టమొదట బాప్తిస్మం తీసుకున్న ఆడమనిషి కన్నమ్మ. రేకుల చర్చికి గోడలు ఆమె మెత్తిన మట్టే. శనివారం ఊడ్చేది ఆమె, ఆదివారం పాట ఎత్తేది ఆమె. ఆమె గొంతు ఎత్తితే మిగతావాళ్ళు ఆ గొంతు పట్టుకుని నడిచేవాళ్ళు. నేను పాట ఎత్తితే ఎవరికి తోచిన దారిన వాళ్ళు పోయేవాళ్ళు.

ఒక ఏడు ఆమె చెట్టు పూయలేదు. గురువారం పొద్దున మా గుమ్మం ముందు నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, చెప్పేసింది. తోటికోడలు లచ్చమ్మ చెట్టు కింద రెండు గంపల పువ్వు ఏరుకొచ్చిందట. ఆ ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన ఉంది. "నేను రొట్టె తీసుకోవచ్చునా, తీసుకోవద్దా?" అని అడిగింది. వెళ్ళి లచ్చమ్మతో చెప్పమన్నాను. "చెప్త. పువ్వు ఎండబెట్టి మూట గట్టిన. ఆదివారం బల్ల కంటె ముందు తీస్కపోయి ఇస్త" అంది. ఎంత చక్కటి మాట! మంచి పని అని పంపించాను.

అక్కడితో ఆపితే నేను మంచి పాస్టర్ని అయ్యేవాణ్ణి. కానీ శనివారం సాయంత్రానికి నా ప్రసంగంలో మూడో అంశానికి ఉదాహరణ దొరకలేదు. మీకూ ఈ అవస్థ వస్తుంది. వాక్యం ఉంటుంది, రెండు అంశాలు బ్రహ్మాండంగా కుదురుతాయి, మూడోది నడవదు. ఆదివారం నిలబడి, "ఒక ఊళ్ళో ఒక సోదరి ఉండేది. ఒకసారి ఆమె తన చెట్టు పూయక, బంధువుల ఇప్పచెట్టు కింద..." అని మొదలుపెట్టాను.

ముప్పై అయిదు మంది కూర్చున్న చర్చి. ఆ ఏడు పూయని చెట్టు గూడెంలో ఒక్కటే. నేను వాక్యం పూర్తిచేయకముందే ముప్పై నాలుగు తలలు ఒకేవైపు తిరిగాయి. కన్నమ్మ నా వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి, చీర కొంగు సర్దుకుని, బయటికి వెళ్ళిపోయింది. నేను ఆగలేదు. మూడో అంశం పూర్తిచేశాను. బాగా వచ్చింది కూడా.

ఇంటికి వచ్చాక సలోమి అన్నం పెట్టలేదు. "వెళ్ళి ఆవిడ కాళ్ళు పట్టుకోండి" అంది.

"నేను పేరు చెప్పలేదు కదా" అన్నాను.

ఆ మాట ఆరేళ్ళు అన్నాను.

బోరింగు ఆరాధన

ఆ తర్వాతి ఆదివారం కన్నమ్మ చర్చికి రాలేదు. సరిగ్గా ఆరాధన మొదలయ్యే వేళకు రెండు బిందెలతో ఎదురుగా బోరింగు దగ్గరికి వచ్చింది. నేను వాక్యం తెరిస్తే ఆమె బోరింగు అందుకునేది. ఆ బోరింగుకు నూనె పెట్టే నాథుడు లేడు, కిర్రు కిర్రుమని ప్రాణం తీసేది. మొదటి అంశానికి నెమ్మదిగా కొట్టేది, రెండోదానికి ఇంకొంచెం గట్టిగా. మూడో అంశం వచ్చేసరికి నా నోరు కదలడం కనిపించేదే తప్ప మాట ఎవరికీ వినిపించేది కాదు. రెండు బిందెలు నిండటానికి గంటన్నర పట్టే బోరింగు ఈ లోకంలో అదొక్కటే అయి ఉంటుంది. నిండిన బిందెను కుమ్మరించి మళ్ళీ పట్టేది.

పాటలప్పుడు మాత్రం కొట్టేది కాదు. అక్కడే రాతి పలక మీద కూర్చుని పాడేది. లోపల పాట గాడి తప్పితే బయటినుంచి ఆమె సరిచేసేది. లోపలివాళ్ళు నన్ను వదిలేసి ఆమె వెంట పోయేవాళ్ళు. ఆరేళ్ళు మా సంఘంలో పాటల నాయకురాలు చర్చి బయట ఉంది.

కానీ రొట్టె, ద్రాక్షారసం పంచే ఆదివారాలు మాత్రం నాకు తిండి సహించేది కాదు. బల్ల దగ్గరికి అందరూ వచ్చేవాళ్ళు. కిటికీలోంచి చూస్తే ఆమె బిందె మీద చెయ్యి పెట్టి, తల దించుకుని కూర్చుని ఉండేది. ఆ రోజు బోరింగు చప్పుడు ఉండేది కాదు. నేను గూడెంలోకి రాకముందు పదిహేనేళ్ళు ఒక్క బల్ల కూడా తప్పని మనిషి ఆమె. నా మూడో అంశం కోసం ఆమెను ఆ బల్ల దగ్గర్నుంచి లేపేశాను. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే, "ప్రభువా, కఠిన హృదయాలను మెత్తబరచు" అని మైకులో ప్రార్థన చేసేవాణ్ణి. ఆ ప్రార్థన ఎవరి గురించో కూడా పేరు చెప్పేవాణ్ణి కాదు.

సిగ్గులేకపోతే సరి.

పెద్దయ్యగారు తెచ్చిన ఉజ్జీవం

కన్నమ్మ బయటికి వెళ్ళిన ఆరో ఏడు పెద్దయ్యగారికి ఓపిక నశించింది. "అందరి సంఘాల్లో ఉజ్జీవం రగులుతుంటే నీ సంఘం ఒక్కటే చల్లగా ఉందయ్యా. ఈసారి కూటాలు నేను పెడతాను" అన్నారు. ఖమ్మం నుంచి పేరున్న ప్రసంగీకుణ్ణి మాట్లాడారు. తారీఖులు కూడా ఆయనే వేశారు, సరిగ్గా ఇప్పపువ్వు రాలే రోజుల్లో. చెప్పబోయాను. "దేవుని పనికి పువ్వు అడ్డమా?" అన్నారు. అయ్యగారు అన్నాక ఎదురు మాట్లాడటం ఎందుకని ఊరుకున్నాను. కూటాలు పగటిపూటే పెట్టించడం ఒక్కటే నా వల్ల అయింది.

ట్రాలీ ఆటోలో సామాను దిగింది. నాలుగు సౌండు బాక్సులు, కీబోర్డు, జనరేటరు. రేకుల చర్చిలో నాలుగు బాక్సులు పెడితే ఏమవుతుందో చెప్పనా? మొదటి పాటకే పైకప్పు మేకులు మూడు ఊడి కింద పడ్డాయి.

రెండోరోజు ప్రసంగీకుడు ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. ఆయన కూటాల్లో చెయ్యి పడగానే జనం ఆత్మావేశంతో వెనక్కి పడిపోతారట, పట్టుకోవడానికి వెనక ఇద్దరు మనుషుల్ని కూడా తెచ్చుకున్నాడు. మా వాళ్ళు పడలేదు. తెల్లవారుజామునుంచీ పూలు ఏరి వచ్చిన మనుషులు, కాళ్ళు తన్నిపెట్టి నిలబడ్డారు. ఆయన ఇంకొంచెం ఒత్తి పెట్టాడు. లచ్చమ్మ ఆయన తూలుతున్నాడనుకుని రెండు చేతులతో భుజాలు పట్టుకుని ఆపింది. "పయిలం అయ్యా. జర కూసో. ఎండకు కండ్లు తిరిగినట్టున్నయ్" అని నీళ్ళు తాగించింది.

మూడోరోజు ఆదివారం. ప్రసంగం, పిలుపు, ఆ తర్వాత ప్రభువు బల్ల. రొట్టె పళ్ళెం పట్టుకుని నేను పక్కన నిలబడ్డాను. ప్రసంగీకుడు పిలుపు దాకా వచ్చాడు. "తప్పు ఒప్పుకోవలసినవారు ఎవరో ఇక్కడ ఉన్నారు. ప్రభువు నాతో చెబుతున్నాడు. చెయ్యెత్తండి!" అంటుండగా జనరేటరు దగ్గి దగ్గి ఆగిపోయింది. కీబోర్డు మూగబోయింది. మైకు పోయింది. మూడు రోజుల్లో మొదటిసారి మా చర్చి చర్చిలా నిశ్శబ్దంగా ఉంది.

ఆ నిశ్శబ్దంలో ముత్తయ్య చెయ్యి మెల్లగా లేవడం మొదలైంది.

పెద్దయ్యగారు కళ్ళు మూసుకోలేదు. "నువ్వు దించవయ్యా ముత్తయ్యా" అన్నారు.

ముత్తయ్య దించాడు. ఇంకెవరూ ఎత్తలేదు. బయటినుంచి బోరింగు చప్పుడు కూడా రాలేదు, బల్ల ఉన్న రోజు కదా. కిటికీలోంచి చూశాను. బిందె మీద చెయ్యి, దించుకున్న తల. పళ్ళెంలో రొట్టె ముక్కలు చూశాను. పళ్ళెం సలోమికి ఇచ్చి, చెయ్యెత్తాను.

"ఏంటయ్యా, డీజిలు అయిపోయిందా?" అన్నారు పెద్దయ్యగారు.

"కాదండీ. ఆ పిలుపు నాకే."

ఇరవై అడుగులు

చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచాను. వెనక చర్చి మొత్తం కిటికీలకు అతుక్కుపోయింది. అందరికంటే ముందు ప్రసంగీకుడి తల.

"అమ్మా కన్నమ్మా, నేను తప్పు చేశాను. క్షమించు" అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "చర్చిలకెల్లి గీడిదాక రాను ఆరేండ్లు పట్టిందా అయ్యా?"

పట్టిందని తల ఊపాను.

"ఏం తప్పు చేసినవో చెప్పు."

"నువ్వు నమ్మి చెప్పిన మాట నేను అందరిలో చెప్పాను. పేరు చెప్పలేదు కదా అని నన్ను నేను..."

"గదే తప్పు!" అని లేచింది. "పేరు చెప్పినా బాగుండు. అవ్, నేనే, తప్పు చేసిన అని అందరి ముంగట లేచి చెప్పేదాన్ని. ఒక సోదరి అంటివి. అందరు నా దిక్కు చూస్తిరి. నేను లేచి ఏమని చెప్పాలె? మూట గట్టి పెట్టుకుంటి అయ్యా. నా అంతల నేను పోయి ఇద్దామనుకుంటి. నువ్వు చెప్పినంక ఇస్తే దొరికిన దొంగ ఇచ్చినట్టు గాదా? నా మాట నన్ను చెప్పనియ్యలేదు నువ్వు."

ఆ మాట నాకు ఒక్కసారి కూడా తోచలేదు. దొంగతనం బయటపెట్టానని ఆమె బాధ అనుకున్నాను. ఆమె చేయబోయిన మంచిపని దొంగిలించానని తెలియలేదు. ఆమె రెండు గంపల పువ్వు తీస్తే, నేను తీసింది అంతకంటే పెద్దది.

"తప్పే కన్నమ్మా. ఇప్పుడు ఏం చేయమంటావో చెప్పు."

ఆమె పక్కనున్న బిందె చూపించింది. "బిందె ఎత్తు" అంది.

తెల్ల లాల్చీ, తెల్ల పంచె. భుజం మీద నిండు బిందె పెట్టుకుని ఆమె వెనక నడిచాను. సగం నీళ్ళు నా మీదే పడ్డాయి. వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోసి ఉంది. అందులోంచి రెండు గంపలు నింపి, ఒకటి తన నెత్తిన పెట్టుకుని, రెండోది నాకు ఇచ్చింది. తడిసిన బట్టలతో, నెత్తిన గంపతో మళ్ళీ చర్చికి వచ్చాను. పెద్దయ్యగారు నోరు తెరిచి చూస్తున్నారు.

కన్నమ్మ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఆరేళ్ళ తర్వాత. గంప లచ్చమ్మ ముందు దించి, "ఇవి నీయి. ఆ ఏడు నీ చెట్టు కింద ఏరిన. నేనే ఏరిన" అని అందరికీ వినపడేలా చెప్పింది.

లచ్చమ్మ గంప వైపు చూసింది, కన్నమ్మ వైపు చూసింది. తర్వాత ముక్కు చీదింది. "దాని ముందటి ఏడు నీ చెట్టు కింద నేను ఏరిన. రెండు గాదు, మూడు గంపలు. అందుకే గప్పుడు నిన్ను ఒక్క మాట గూడ అనలే. నువ్వే నా మొకం చూడకపోతివి."

తర్వాత వెనక చాప మీదినుంచి ఒక ముసలాయన లేచి, పక్కవాడి చెట్టు సంగతి ఎత్తాడు. పక్కవాడు అంతకు ముందటి ఏటి సంగతి ఎత్తాడు. ఇక ఆగలేదు. కోయ భాషలో ఒకరి మీద ఒకరు, ఏడుస్తూ, అరుస్తూ, కౌగిలించుకుంటూ. ఆ అడవిలో పక్కింటివాళ్ళ చెట్టు కింద ఒక్కసారైనా ఏరని మనిషి దాదాపు లేడని ఆ రోజు తేలింది. నేల మీద పడ్డ పువ్వును కూడా ముట్టరని నాకు చెప్పిన ముత్తయ్య తల గోక్కున్నాడు.

ఆత్మ దిగితే మనిషి తనకు రాని భాషలు పలుకుతాడని మా నమ్మకం. ప్రసంగీకుడు నా చెవి దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, ఇది అన్యభాషల వరమా?" అని అడిగాడు.

"కాదండీ. వాళ్ళ భాషే" అన్నాను.

ముత్తయ్య చివర్లో లేచాడు. తిన్నగా ప్రసంగీకుడి ముందుకు వెళ్ళాడు. "అయ్యా, నేను ఎవ్వల చెట్టు కింద ఏరలే. కానీ ఏటేట ఉత్తగనే చెయ్యెత్తిన. మీరు బాధపడతరని ఎత్తిన. తప్పయింది." ప్రసంగీకుడికి ఏం చేయాలో తెలియక ముత్తయ్య తల మీద చెయ్యి పెట్టాడు. ముత్తయ్య అప్పుడు కూడా పడలేదు.

ఆ రోజు బల్ల మొదలయ్యేసరికి ఎండ నడినెత్తి దాటింది. పాట కన్నమ్మ ఎత్తింది, లోపలినుంచి. రొట్టె ఆమె చేతిలో పెడుతుంటే నాకు మాట పెగల్లేదు. చెప్పాల్సిన మాటలు సలోమి చెప్పింది.

సామాను ఆటోలో ఎక్కిస్తుంటే పెద్దయ్యగారు డైరీ తీశారు. "ఏమయ్యా, రిపోర్టులో రక్షించబడినవారు ఎంతమంది అని రాయను?"

"ఒక్కరండీ."

"మళ్ళీ ముత్తయ్యేనా?"

"కాదండీ. నేను."

ఆయన ఏమీ రాయకుండానే డైరీ మూసేశారు. మంచి మనిషే, పాపం. ఆ మరుసటి ఏడు తారీఖులు నన్నే వేయమన్నారు.

చివరి మాట

ఆ వేడి ఎల్లకాలం నిలిచిందని చెప్పను. రెండు నెలలకు కన్నమ్మా లచ్చమ్మా కోడిపిల్ల విషయంలో మళ్ళీ అరుచుకున్నారు. కానీ అరుచుకుని ఆదివారం ఒకే చాప మీద కూర్చున్నారు. ఈ రోజుల్లో ఉజ్జీవం అంటే పెద్ద స్టేజీ, లైట్లు, యూట్యూబులో లైవు. వద్దనను. నాకు తెలిసిన ఉజ్జీవం మాత్రం జనరేటరు ఆగినప్పుడు వచ్చింది. అది కూడా పాస్టరు దగ్గర మొదలుకావాల్సి ఉండగా ఆరేళ్ళు గుమ్మం దగ్గర ఆగింది. మీ సంఘం బయట బోరింగు దగ్గర ఎవరు కూర్చున్నారో చూడండి. వాళ్ళు అక్కడ ఎందుకు కూర్చున్నారో మీకు తెలిసే ఉంటుంది.

ఇది రాశాక అచ్చుకు ఇచ్చేముందు గూడేనికి వెళ్ళాను. కన్నమ్మకు తెలియకుండా ఆమె సంగతి ఇంకోసారి పదిమందిలో పెట్టే ధైర్యం నాకు లేదు. పెద్దదైపోయింది, కర్ర పట్టుకుని నడుస్తోంది. అరుగు మీద కూర్చుని మొదటినుంచి చదివి వినిపించాను. కుక్క మానేసిన చోట నవ్వింది. ముత్తయ్య చెయ్యి దగ్గర నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. ఆమె సంగతి వచ్చింది. జాగ్రత్తగా ఉండాలని, చిత్తుప్రతిలో ఎక్కడా ఆమె పేరు రాయలేదు నేను. "ఆ గూడెంలో ఒక సోదరి..." అని చదివాను.

కర్ర నేల మీద టక్కుమని కొట్టింది.

"మల్ల మొదలువెట్టినవా అయ్యా?" అంది. "పేరు రాయి. కన్నమ్మ అని రాయి. ఎవలన్న అడిగితే నా సంగతి నేను చెప్పుకుంట."

జేబులోంచి పెన్ను తీసి, ఆమె పేరుకు బదులు "ఒక సోదరి" అని రాసిన ప్రతిచోటా కొట్టేసి కన్నమ్మ అని రాశాను. చివరిది కొట్టేసేదాకా ఆమె నా పక్కనుంచి కదల్లేదు.